నాయనతో తిరానో: కొండమీద ద్రాక్ష, రాతి మీద రాయి

మా నాయన మేడ్చల్ పక్కన చాలా ఏళ్ళు ద్రాక్ష పండించాడు. మొదట్లో అనాబ్-ఎ-షాహీ, తర్వాత థామ్సన్ సీడ్‌లెస్. రాతి కడీల మీద ఇనుప తీగల పందిరి, దాని నీడలోనే మా చిన్నతనమంతా గడిచింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ద్రాక్ష తోటలు ఎలా పోయాయో ఆ వైపు వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. బోర్లు ఎండాయి, కూలీలు దొరకలేదు, భూమి రేటు పెరిగింది. మా తోట కూడా ప్లాట్లయింది. నాయన మిలాన్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు, పెద్ద చర్చి, కోట, షాపింగ్ వీధులు అన్నీ చూపించాక, ఆయనకు ఒక ద్రాక్ష ఊరు చూపించాలని గట్టిగా అనుకున్నాను. ఎంచుకున్నది తిరానో. ఇటలీలో, ఆల్ప్స్ కొండల్లో, స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కనే ఉన్న చిన్న ఊరు. జనాభా తొమ్మిది వేలు ఉంటుంది.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్విట్జర్లాండ్ వెళ్ళే ఎర్ర రైలు కోసం వస్తారు. మిలాన్ రైలు దిగి, పక్క స్టేషన్‌లో ఎర్ర రైలెక్కి వెళ్ళిపోతారు. రెండు స్టేషన్ల మధ్య దూరం రెండు నిమిషాల నడక. ఆ రెండు నిమిషాల్లో తలెత్తి ఉత్తరం వైపు చూస్తే కొండంతా మెట్లు మెట్లుగా కోసి, ప్రతి మెట్టుకీ రాతి గోడ కట్టి, ప్రతి గోడ మీదా ద్రాక్ష తీగలు కనిపిస్తాయి. నేనూ మొదటిసారి ఫ్రెండ్స్‌తో అలా రైలు మారి వెళ్ళిపోయినదాన్నే. ఆ కొండ మాత్రం మనసులో ఉండిపోయింది.

ముందుగా ప్రయాణం సంగతి. మిలానో చెంత్రాలే స్టేషన్ నుంచి తిరానోకి నేరుగా రైలు ఉంది, దాదాపు రెండున్నర గంటలు. సీట్ రిజర్వేషన్ ఉండదు కాబట్టి కాస్త ముందుగా వెళ్ళి ఎడమవైపు కిటికీ పట్టుకోవాలి. లెక్కో దాటాక కోమో సరస్సు ఎడమవైపే వస్తుంది. వరేన్నా, బెల్లానో ఊళ్ళ దగ్గర సొరంగాల మధ్య మధ్యలో నీళ్ళు తళుక్కుమంటాయి. కోలికో దాటాక రైలు తూర్పుకు తిరుగుతుంది. అక్కడి నుంచి ద్రాక్ష కొండలు కూడా ఎడమవైపే. నాయన సరస్సు దగ్గర ఫోన్‌లో ఫొటోలు తీస్తూ కూర్చున్నాడు. మోర్బెన్యో దాటి ద్రాక్ష మెట్లు మొదలయ్యాక ఫోన్ జేబులో పెట్టేసి, ముఖం అద్దానికి ఆనించాడు.

ఆ లోయ పేరు వాల్తెల్లీనా. ఆల్ప్స్‌లో చాలా లోయలు ఉత్తరం దక్షిణంగా ఉంటే, ఇది తూర్పు పడమరగా పడుకుని ఉంటుంది. మధ్యలో అద్దా నది పడమరకు పారి కోమో సరస్సులో కలుస్తుంది. నదికి ఉత్తరాన ఉన్న కొండ పూర్తిగా దక్షిణానికి ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ తగులుతుంది. దక్షిణం వైపు కొండ నీడలో ఉంటుంది, దాని నిండా అడవే. వెనక ఉన్న ఎత్తైన పర్వతాలు ఉత్తరపు చలిగాలిని అడ్డుకుంటాయి. సరస్సు వైపు నుంచి బ్రేవా అనే గాలి వచ్చి ఆకుల తడిని ఆరబెడుతుంది. పగలు ఎండకు వేడెక్కిన రాళ్ళు రాత్రి ఆ వేడిని తీగలకు ఇస్తాయి. మంచు శిఖరాలు కనిపించేంత దగ్గర్లో ద్రాక్ష పండడానికి కారణం ఇదంతా. లియొనార్డో డావిన్చీ కూడా తన నోట్సులో ఈ లోయ గురించి రాసుకున్నాడు, చుట్టూ భయం గొలిపే కొండలు, లోపల గట్టి వైన్ అని.

మేం వెళ్ళింది అక్టోబర్‌లో, ద్రాక్ష కోత చివరి రోజుల్లో. నా ఆశ వేరే ఉండేది. కోతలో ఒక పూట నాయన చేతికి కత్తెర ఇప్పించాలని. రెండు మూడు చిన్న తోటల వాళ్ళకు మెయిల్ పెట్టాను. అందరూ మర్యాదగానే కుదరదన్నారు. బయటివాళ్ళను కాంట్రాక్టు లేకుండా, సరదాకైనా సరే, కోతకు పెట్టుకున్నారని తనిఖీలో తేలితే పెద్ద ఫైన్ పడుతుంది. ఈ సంగతి తెలియక ఊరికే వెళ్ళి సాయం చేస్తామనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను. కోత చూడొచ్చు, తోటలో నడవొచ్చు, వైన్ రుచి చూడొచ్చు. అంతవరకే. అదైనా ముందే రాసి అడగాలి. కోత రోజుల్లో చెప్పకుండా వెళ్తే తలుపు తీసే మనిషి కూడా ఉండడు, అందరూ కొండ మీదే ఉంటారు.

ఒక కుటుంబం మాత్రం మధ్యాహ్నం తర్వాత రమ్మంది. "మా నాన్న ఇండియాలో ద్రాక్ష రైతు" అని నేను రాసిన ఒక్క వాక్యమే ఆ తలుపు తీయించిందని తర్వాత తెలిసింది.

పొద్దున మాకు టైమ్ ఉంది కాబట్టి ముందు మదోన్నా గుడికి వెళ్ళాం. 1504 సెప్టెంబర్ 29న మరియమాత ఇక్కడ కనిపించిందని నమ్మకం. ఆ మరుసటి ఏడాదే గుడి కట్టడం మొదలైంది. లోపల చెక్కతో చెక్కిన ఆర్గన్ అనే పెద్ద వాద్యం ముందు నాయన చాలాసేపు నిలబడ్డాడు. మేం బయటికి వచ్చేసరికి ఎర్ర రైలు గంట కొట్టుకుంటూ గుడి ముందున్న చౌరస్తాలోంచి, కార్ల పక్కనుంచి వెళ్ళింది. రోడ్డు మీద నిజం రైలు వెళ్ళడం ఆయన ఊహించలేదు.

గుడి వెనక కొండ మీద సాంతా పెర్పెతువా అనే చాలా పాత చిన్న చర్చి ఉంది. దానికి కాలిబాట ద్రాక్ష తోటల మధ్యలోంచే పోతుంది. తిరానో వెళ్ళేవాళ్ళు ఏది వదిలినా ఈ దారి మాత్రం వదలొద్దు. మామూలుగా ఎక్కేవాళ్ళకు పెద్ద దూరం కాదు. నాయన మోకాళ్ళ కోసం మేం ఆగి ఆగి ఎక్కాం. ఆగిన ప్రతిచోటా ఆయన గోడను చేత్తో తడిమి చూస్తున్నాడు.

"సిమెంటు లేదు, సున్నం లేదు. గింత ఎత్తు గోడ వానకు ఎట్ల నిలవడుతుంది బిడ్డా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కొంచెం పైకి ఎక్కాక ఆయనే చెప్పాడు. "సున్నం లేదు కాబట్టే నిలవడ్డది. నీళ్ళు సందుల్లకెంచి కారిపోతయ్. మన మోటబావి కట్టు లెక్కనే."

సరిగ్గా అదే అక్కడి కిటుకు. అడుసు, సిమెంటు ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చే ఈ పనిని యునెస్కో 2018లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇటలీతో పాటు ఫ్రాన్స్, స్పెయిన్, గ్రీస్, క్రొయేషియా, సైప్రస్, స్లొవేనియా, స్విట్జర్లాండ్ కలిసి అడిగిన గుర్తింపు అది. ఒక్క వాల్తెల్లీనాలోనే ఇలాంటి గోడలన్నీ వరసగా పెడితే దాదాపు 2,500 కిలోమీటర్లు వస్తాయని అక్కడివాళ్ళు చెబుతారు. గోడ వెనక ఉన్న మన్నులో చాలావరకు కింద నుంచి బుట్టల్లో వీపు మీద మోసుకొచ్చి పోసినదే. ఉన్నది రాతి కొండ. రాయిని పగలగొట్టి గోడ కట్టారు, గోడ వెనక మన్ను నింపారు, ఆ మన్నులో తీగ నాటారు. ఎన్ని తరాల పనో అది.

మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగాం. నాయన మాంసం తినడు. ఈ లోయలో శాకాహారికి పస్తు ఉండే పని లేదు. పిత్సొక్కెరి అనే ఇక్కడి వంటకం దొరకని హోటల్ లేదు. నాలుగు పాళ్ళు బక్‌వీట్ అనే గింజల పిండికి ఒక పాలు గోధుమపిండి కలిపి, పొట్టి పట్టీలుగా కోసి, ఆలుగడ్డ, క్యాబేజీతో పాటే ఉడికించి, కసేరా చీజ్ వేసి, వెల్లుల్లితో కాగిన వెన్న పైన పోస్తారు. పక్కనే ఉన్న తెల్యో ఊరు దీనికి పుట్టిల్లు. ప్లేట్ చాలా పెద్దది, ఇద్దరికి ఒకటి చాలు. బక్‌వీట్ పిండిలో చీజ్ ముక్క ముంచి నూనెలో వేయించే షాత్ కూడా తెప్పించాను. కొరికితే లోపల చీజ్ కరిగి పొగలు కక్కుతుంది. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఇక్కడి సంప్రదాయ చీజ్‌ల కోసం పాలను దూడ కడుపులోంచి తీసే పదార్థంతో విరగ్గొడతారు. గట్టి శాకాహారులు అడిగి తినడం మంచిది. నాయనకు నేను ముందే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి చీజ్ పక్కకు తీసేసి ఆలుగడ్డ, పట్టీలు తిన్నాడు.

తర్వాత ఆ తోటకు వెళ్ళాం. గేటు దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన కోడలు ఉన్నారు. కోడలికి ఇంగ్లీష్ వచ్చు, పెద్దాయనకు రాదు. నాకు వచ్చిన ఇటాలియన్‌తో నేను మధ్యలో నిలబడ్డాను. "పెద్దాయనా, మా నాయన" అని పరిచయం చేశాను. ఇద్దరూ చేతులు కలిపారు. పెద్దాయన నాయన అరచేయి తిప్పి చూసి తల ఊపాడు.

తోటలోకి అడుగు పెట్టగానే నాయన ఒక ఆకు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆకు మీద నీలం పొర. కొయ్య గుంజల మీద కూడా నీలం మరకలు. "మైలుతుత్తం" అన్నాడు వెంటనే. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మందు. బూజు తెగులుకు మేడ్చల్‌లో కూడా నాయన కొట్టింది అదే. ఆయన డ్రమ్ములో కర్ర తిప్పుతుంటే నీలం చుక్కలు పడిన చొక్కా నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఇటాలియన్‌లో "రామే" అన్నాను, రాగి అని. పెద్దాయన గుంజ మీద మరక గోకి చూపించి నవ్వాడు. ఆ తర్వాత నేను అనువాదం చేయాల్సిన అవసరం సగం తగ్గిపోయింది.

అక్కడ పండేది నెబ్బియోలో రకం. స్థానికంగా దాన్ని క్యావెన్నాస్కా అంటారు. ఇంకా కోయని ఒక వరసలో గుత్తులు ఉన్నాయి. నాయన గుత్తి కింద చెయ్యి పెట్టి బరువు చూశాడు. కాయ చిన్నది, తోలు మందం, లోపల గింజలు. ఒకటి నోట్లో వేసుకుని నమిలి, తోలు కూడా మింగేశాడు. "తీపి బాగుంది, తోలు వగరు. కాయ ఊరలేదు. వీళ్ళు జీఏ ముంచరా?" అని అడిగాడు. థామ్సన్ గుత్తులను జిబ్బరెలిక్ యాసిడ్ మందులో ముంచితే కాయ పెద్దదవుతుంది. మా తోటలో గుత్తి గుత్తికీ చేసిన పని అది. మార్కెట్‌లో సైజును బట్టే రేటు.

నేను అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపి, ఒక కాయ చిదిమి, తోలును వేలి మీద పరిచాడు. లోపలి వైపు ఎర్రగా ఉంది. రంగు, వగరు, వాసన అన్నీ తోలులోనే, కాయ పెద్దదైతే నీళ్ళు ఎక్కువ తోలు తక్కువ, మాకు చిన్నదే కావాలి అన్నాడు. నాయన ఆ తోలునే చూస్తూ ఉండిపోయాడు. తన జీవితమంతా పెద్ద కాయ కోసం కష్టపడిన మనిషి. "తినే పండు వేరే, తాగే పండు వేరే" అని మెల్లగా అన్నాడు.

తర్వాత కత్తిరింపు మీదికి మాట వెళ్ళింది. మన దగ్గర ఏడాదికి రెండు కటింగ్‌లు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. అక్టోబర్ కటింగ్‌కే పంట వస్తుంది, ఎండాకాలం ముందు కోస్తాం. అక్కడ తీగ చలికాలం అంతా నిద్రపోతుంది కాబట్టి ఒకే కటింగ్, అదీ చలి రోజుల్లో. కత్తిరించాక మిగిల్చిన కొమ్మను విల్లులా వంచి ఇనుప తీగకు కడతారు. ఆ లోయలో ఇది సంప్రదాయ పద్ధతి. నాయన ఒక మొక్క దగ్గర కూర్చుని కొమ్మ మీద కళ్ళు, అంటే చిగురు వచ్చే మొగ్గలు, లెక్కపెట్టాడు. ఒకచోట వేలు పెట్టి, ఇక్కడ కోస్తావా అన్నట్టు చూశాడు. పెద్దాయన వేలును ఇంకో రెండు కళ్ళు దాటించి పెట్టాడు. నాయన ఒప్పుకోలేదు. ఇద్దరూ చెరో భాషలో కాసేపు వాదించుకున్నారు. నేనూ ఆ కోడలూ పక్కకు జరిగి నిలబడ్డాం.

ఒక మూల గోడ పొట్ట ఉబ్బి ఉంది. నాయన దాన్ని పెద్దాయన చూపించకముందే పట్టేశాడు. వచ్చే చలికాలంలో ఆ ముక్క విప్పి మళ్ళీ కట్టాలట. రాళ్ళన్నీ తీసి సైజు ప్రకారం విడదీసి, పెద్దవి పునాదికి పెట్టి, గోడను కొండ వైపు కాస్త వాల్చి పేరుస్తారు. వెనక చిన్న రాళ్ళు నింపుతారు, నీళ్ళు దిగడానికి. ఆ నింపుడు సరిగ్గా లేకపోతే తడిసిన మన్ను గోడను ముందుకు తోస్తుంది. ఒక గోడ పోతే పైన ఉన్న గోడ కూడా దాని వెంట వస్తుంది. కొండ జారడం అంటే ఆ లోయలో ఎవరికీ దూరపు మాట కాదు. 1987 జూలైలో వచ్చిన వరదల్లో, పైన వాల్ పోలా దగ్గర కొండ ముక్క విరిగిపడి ఊరే కప్పబడిపోయింది. పెద్దాయన ఆ ఏడాది పేరు చెప్పి ఇంకేం మాట్లాడలేదు.

అక్కడ ట్రాక్టర్ ఎక్కదు. కోసిన పండు పెట్టెల్లో భుజం మీద దిగాలి. నిటారుగా ఉన్నచోట్ల కొన్ని పెద్ద వైన్ కంపెనీలు హెలికాప్టర్‌తో పెట్టెలు దింపుతాయి. మైదానంలో ఎకరం తోటకు పట్టే పనికి ఇక్కడ ఎన్నో రెట్లు పడుతుంది. అందుకే ఈ లోయలో ద్రాక్ష సాగు ఒకప్పటితో పోలిస్తే చాలా తగ్గిపోయింది. పై మెట్లలో గోడలు అలాగే ఉండి లోపల అడవి మొలిచిన చోట్లు మాకూ కనిపించాయి. వాటిని చూస్తే నాకు దిగులేసింది. మా తోట కడీలు పీకేసిన రోజు మనసులోకి వచ్చింది.

ఇంటి పై అంతస్తులో పండు ఆరబెట్టే గది చూపించారు. గాలి ఆడేలా కిటికీలు తెరిచి ఉన్నాయి, పలచటి పెట్టెల్లో గుత్తులు ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పరిచారు. ఇది స్ఫోర్సాతో అనే వైన్ కోసం. కోతలో అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న గుత్తులు ఏరి, డిసెంబర్ దాకా ఇలా ఆరనిస్తారు. బరువులో మూడో వంతుకు పైగా పోతుంది, తీపి చిక్కబడుతుంది. ఆ తర్వాతే పిండుతారు. తియ్యటి వైన్ కాదు, చక్కెరంతా ఆల్కహాల్‌గా మారేదాకా పులియబెడతారు, కనీసం 14 శాతం ఉండాలి. 2003లో ఇటలీ ప్రభుత్వం దీనికి అన్నిటికంటే పై స్థాయి గుర్తింపు ఇచ్చింది. నాయన వంగి పెట్టెల మీదుగా చూస్తూ, ఒక గుత్తిలో బూజు పట్టిన ఒకే ఒక్క కాయను చూపించాడు. కోడలు వెంటనే చిన్న కత్తెరతో దాన్ని తీసేసింది. ఒక్కటి వదిలితే పెట్టె అంతా పోతుంది.

వైన్ రుచి చూడడానికి కింది గదిలో కూర్చున్నాం. అలవాటు లేనివాళ్ళకు చెప్పేదేమంటే, మొత్తం తాగాల్సిన పని లేదు. కొంచెం నోట్లో తిప్పి పక్కనున్న కుండలో ఉమ్మేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. మొదట మామూలు ఎర్ర వైన్, తర్వాత రెండేళ్ళు నిలవ ఉంచిన వాల్తెల్లీనా సుపీరియోరే, ఆఖరున స్ఫోర్సాతో. ఈ సుపీరియోరే వైన్‌కు సస్సెల్లా, గ్రుమెల్లో, ఇన్ఫెర్నో, వాల్జెల్లా, మరోజా అని ఐదు ప్రత్యేక ప్రాంతాలు ఉన్నాయి. షాపుల్లో సీసా మీద ఆ పేరు కనిపిస్తే ఏ కొండ ముక్క నుంచి వచ్చిందో తెలుస్తుంది. నెబ్బియోలో రంగు పలచన, గ్లాసు వెనక వేలు కనిపిస్తుంది. నోట్లో మాత్రం వగరు చిగుళ్ళను పట్టేస్తుంది. నాయన పెళ్ళిళ్ళలో కల్లు తప్ప ఏదీ ముట్టని మనిషి. మొదటి గ్లాసు ఒక్క చుక్క రుచి చూసి పక్కన పెట్టాడు. స్ఫోర్సాతో మాత్రం రెండోసారి నోట్లో పోసుకుని, "గా తోలు వగరు ఇండ్ల దొరుకుతుంది" అన్నాడు. నేను చెబితే పెద్దాయన లేచి వచ్చి ఆయన భుజం తట్టాడు.

స్ఫోర్సాతో సీసా రేటు విని మొదట నాయనకు చాలా ఎక్కువ అనిపించింది. రూపాయల్లో లెక్క వేయమన్నాడు. తర్వాత తనే ఇంకో లెక్క వేశాడు. వంద కిలోలు ఆరితే అరవై చిల్లర మిగులుతుంది, అందులో తోలు, గింజ పోగా రసం ఎంత, దాన్ని ఏడాదిన్నర పైన నిలవ పెట్టాలి, పైగా గోడ రిపేర్లు.

"ఈ రేటుకు వీళ్ళకు ఏం మిగుల్తది అడుగు" అన్నాడు.

అడగడానికి నాకు మొహమాటం వేసింది. కానీ అది ఒక రైతు ఇంకో రైతును అడిగే ప్రశ్న, నేను ఆపకూడదు. అడిగాను. జవాబు కోడలు చెప్పింది. తోట మీద బతకడం కష్టమే. తన భర్త వారమంతా సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లో పనికి వెళ్తాడు, జీతం అక్కడ ఎక్కువ. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళ సంగతి అదే. శనాదివారాలు, సెలవులు మొత్తం కొండకే. మామగారు ఉన్నన్నాళ్ళు గోడలు ఆయన చూసుకుంటారు. ఆ తర్వాత ఈ పని తెలిసినవాళ్ళు కావాలి కాబట్టి తన పెద్దకొడుకు ఇప్పుడు తాత పక్కన ఉండి గోడ కట్టడం నేర్చుకుంటున్నాడు, వాడికి పదహారేళ్ళు.

నేను తెలుగులో చెప్పాను. నాయన రెండు సీసాలు తీసుకోమన్నాడు, ఇండియాకు మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తీసుకెళ్ళొచ్చు. బేరం ఆడొద్దని కూడా అన్నాడు. బయల్దేరేముందు పెద్దాయన మళ్ళీ ఆ ఉబ్బిన గోడ దగ్గరికి తీసుకెళ్ళి, అడుగున ఏ రాయి కదిలిందో నాయనను అడిగాడు. నాయన మోకాలి మీద కూర్చుని ఒక రాయి మీద చెయ్యి వేశాడు. పక్కనే ఉన్న ఆ పదహారేళ్ళ మనవడు జేబులోంచి సుద్ద తీసి దాని మీద గుర్తు పెట్టాడు.